గడప దాటలేని యంత్రం

అనగనగా, రాజులూ ఉండి కరెంటూ ఉన్న ఒకానొక కాలంలో, హేమగిరి అనే పట్టణం ఉండేది. దాన్ని విజయకేతుడనే రాజు పాలించేవాడు.

ఆ పట్టణంలో నందిగుప్తుడనే పసుపు వర్తకుడు ఉండేవాడు. అతని భార్య పేరు ఇందుమతి, తల్లి పేరు పేరమ్మ. వాళ్ళకు ఇద్దరు చిన్నపిల్లలు, దొడ్లో ఒక ఆవు, దాని వెనకే గెంతుతూ తిరిగే ఒక దూడ.

వాళ్ళది పెద్ద ఇల్లు. ముందు వసారా, తర్వాత సావడి, సావడికి అటూ ఇటూ గదులు, వెనక వంటిల్లు. నేలంతా ఎర్రగచ్చు. ప్రతి గదికీ జానెడెత్తు గడప. తెల్లవారేసరికి ఇందుమతి చీపురు పట్టుకునేది. వంటింట్లో మొదలుపెట్టి వసారా దాకా ఊడ్చుకుంటూ వచ్చి, మళ్ళీ తడిగుడ్డతో తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళేది. అది అయ్యేసరికి నడుం పట్టేసేది. గోడకు చేయి ఆనించి మెల్లగా లేచేది.

ఒకరోజు నందిగుప్తుడు బజారునుంచి ఒక పెట్టె తెచ్చాడు. అందులోంచి పళ్ళెమంత గుండ్రంగా, నల్లగా మెరిసే ఒక యంత్రం బయటికి తీశాడు.

"చూశావా ఇందూ! దీన్ని రోబో అంటారు. సముద్రాల అవతలనుంచి వచ్చింది. దానంతటదే తిరుగుతుంది, దానంతటదే ఊడుస్తుంది, దానంతటదే తుడుస్తుంది. ఇక నువ్వు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చో!"

మీట నొక్కగానే యంత్రం బుర్రుమంది. "శుభ్రం చేస్తున్నాను" అంటూ సావడిలో గిరగిరా తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పేరమ్మ ముక్కున వేలేసుకుంది. ఇందుమతికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. తన నడుం నొప్పి మొగుడి కళ్ళబడిందని సంబరపడింది.

కానీ ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు.

యంత్రం తిరగాలంటే ముందు నేలమీద ఏమీ ఉండకూడదు. చాపలు చుట్టాలి. పిల్లలు ఆడుకుని వదిలేసిన గవ్వలు, చింతపిక్కలు ఒక్కటి మిగలకుండా ఏరాలి. మంచాలమీంచి వేలాడే దుప్పట్లు పైకి దోపాలి. పూలదారం ముక్క కనిపించినా తీసెయ్యాలి. లేకపోతే అది దాని చక్రానికి చుట్టుకుని, "ఇరుక్కుపోయాను, సాయం చేయండి" అని అరుస్తుంది. దొడ్డి తలుపు గడియ పెట్టాలి. లేకపోతే దూడ లోపలికొస్తుంది.

ఇక గడపలున్నాయి కదా! సముద్రాల అవతల ఇళ్ళకు గడపలుండవేమో, ఆ యంత్రానికి గడప దాటడం తెలియదు. ఒక గది అయిందంటే ఇందుమతి దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని పక్క గదిలో దించాలి. అది అయ్యాక ఇంకో గది. మధ్యలో "డబ్బా నిండింది, ఖాళీ చేయండి" అంటుంది. దుమ్ము ఖాళీ చేయాలి. దాని బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు పిన్నీసుతో ఒక్కొక్కటే లాగాలి. తడిగుడ్డ పిండి ఆరేయాలి. ఇంత చేసినా మూలల్లో దుమ్ము మూలల్లోనే ఉంటుంది. దానికి మళ్ళీ చీపురే.

ఆ మూడు మాటలు తప్ప యంత్రానికి వేరే మాట రాదు. నందిగుప్తుడు దుకాణానికి వెళ్ళేలోపు అతనికి మొదటిమాట ఒక్కటే వినపడేది. తక్కిన రెండూ ఇందుమతి వినేది.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. యంత్రంవల్ల ఇందుమతికి మేలు జరగలేదని కాదు. ఊడ్చే పని కొంత తగ్గింది. కానీ దాని బదులు ఏరేపని, ఎత్తేపని, కడిగేపని వచ్చి చేరాయి. "సరే, కొత్త వస్తువు కదా, అలవాటవుతుందిలే" అనుకుందామె.

కొన్నాళ్ళకు నందిగుప్తుడి మేనత్త కూతురు తన పరివారంతో చుట్టపుచూపుగా వచ్చింది. సావడిలో అడుగుపెడుతూనే నేలను చూసి ఆశ్చర్యపోయింది.

"అబ్బ! నేలా ఇది, అద్దమా? ముఖం కనపడుతోందే!"

ఇందుమతి మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి నవ్వుతూ నిలబడింది. ఇంతలో నందిగుప్తుడు కండువా సర్దుకుని, "అదంతా మా రోబో మహిమ వదినా! మీట నొక్కితే చాలు" అన్నాడు.

చుట్టాలంతా మజ్జిగ తాగి యంత్రం చుట్టూ మూగారు. దాన్ని నిమిరారు. దానికి బొట్టు పెట్టారు. "ఎంత పనిమంతురాలో!" అని మెటికలు విరిచారు. ఇందుమతి ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళింది. మనసు చివుక్కుమంది. 

తర్వాత వారం నందిగుప్తుడు దుకాణంనుంచి పసుపుకొమ్ముల బస్తాలు బండిలో వేయించి ఇంటికి పంపాడు.

"ఇవెందుకండీ?" అంది ఇందుమతి.

"దంచి, జల్లించి పొట్లాలు కట్టు. ఇప్పుడు నీకు బోలెడంత తీరిక కదా!"

"తీరికా? ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? ఇల్లు యంత్రం ఊడుస్తోంది. పొద్దస్తమానం ఇంట్లో నువ్వు చేసేదేముంది?"

ఆ మాటకు ఇందుమతి చేతిలో చేట అలాగే ఆగిపోయింది.  "నేను రోజూ ఏం చేస్తున్నానో ఒక్కరోజు పక్కన నిలబడి చూడండి" అంది చివరికి. నందిగుప్తుడు అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

ఆ రోజునుంచి ఆమెకు ఇంటిపనితోపాటు దుకాణం పనీ అంటుకుంది. పసుపు ఘాటుకు కళ్ళు మండేవి, చేతులు మండేవి. వాటికి మించి గుండె మండేది.

ఇలా ఉండగా వీధిలో దండోరా వినిపించింది. పట్టణంలో అన్నిటికన్నా శుభ్రమైన ఇల్లు ఏదో విజయకేతు మహారాజు వెతికించాడట. భటులు ఇల్లిల్లూ చూసి, యంత్రం ఊడ్చే నందిగుప్తుడి ఇంటిని ఎంచారట. యంత్రంతో సభకు వస్తే పట్టుశాలువా కప్పుతారట.

నందిగుప్తుడికి కాలు నేలమీద నిలవలేదు. మేనా తెప్పించాడు. యంత్రానికి చేమంతి దండ చుట్టాడు. దాన్ని తలగడమీద పెట్టి మేనాలో కూర్చోబెట్టాడు.

ఇందుమతి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నేనూ రానా అండీ?" అంది.

నందిగుప్తుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వెందుకు? సన్మానం యంత్రానికి కదా! అందరం వెళ్తే ఇల్లెవరు చూస్తారు? పైగా దారినిండా దుమ్ము. వచ్చాక దాని చక్రాలు కడగాలి, నీళ్ళు కాచి ఉంచు."

చూశారా పిల్లలూ, ఎంత అన్యాయమో! ఆవిడ నడుం వంచి ఎత్తి దించిన వస్తువుకు మేనా, ఆవిడకు గుమ్మం! చేమంతి దండ దానికి, దాన్ని కడిగే నీళ్ళు ఆవిడకు!

సభలో రాజు యంత్రాన్ని చూసి ముచ్చటపడ్డాడు. "శెట్టీ, రేపు ఉదయం మహారాణితో కలిసి మీ ఇంటికి వస్తాను. ఇది పనిచేసే తీరు కళ్ళారా చూసి, శాలువా అక్కడే కప్పుతాను" అన్నాడు.

నందిగుప్తుడు గాలిలో తేలుతూ ఇంటికొచ్చి ఆ వార్త చెప్పాడు. ఇందుమతి అంతా విన్నది. పొయ్యిమీద కాగుతున్న నీళ్ళు దించింది. వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఒక్క మాట. దాపరికం లేకుండా ముందే చెబుతున్నాను. రేపు నేను ఆ యంత్రం జోలికి రాను. చాపలు చుట్టను, గవ్వలు ఏరను, దారాలు తీయను. దాన్ని గడపలు దాటించను. దొడ్డి తలుపు గడియ పెట్టను. ఇవన్నీ మీరు చేసుకోవాలి. చెప్పలేదనకండి."

నందిగుప్తుడు పకపకా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! ఇవన్నీ చేయడానికేగా యంత్రం ఉన్నది! దాన్ని చూసి ఉడుక్కుంటున్నావు నువ్వు."

"వస్తువును చూసి ఉడుక్కునేంత తెలివితక్కువదాన్ని కానండీ. దానిమీద నాకు కోపం లేదు. అది పాపం, సాయం చేయమని నోరు తెరిచి అడుగుతూనే ఉంది. వినపడనిది మీకే."

పేరమ్మ మంచంమీద కూర్చుని అంతా వింటోంది. అత్తగారు తనను కోప్పడుతుందనే అనుకుంది ఇందుమతి. కానీ పేరమ్మ తన రెండు అరచేతులూ చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దెక్కింది. ఇందుమతి పిల్లలకు తలంట్లు పోసి, అన్నం పెట్టింది. తాను స్నానం చేసి, సావడిలో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పేరమ్మ మెల్లగా మంచం దిగింది. కర్ర పట్టుకుని కోడలి దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, నన్ను తిట్టడానికి వచ్చారా?"

"జరుగు. నేనూ కూర్చుంటాను" అంది పేరమ్మ. కోడలి పక్కనే చతికిలబడి, తన కాళ్ళూ చాపుకుంది. తర్వాత నెమ్మదిగా అంది:

"అమ్మాయ్, నేను కాపురానికి వచ్చినప్పుడు ఇది మట్టినేల. రోజూ పేడతో అలికేదాన్ని. ఒకసారి మీ మామగారి స్నేహితులెవరో వచ్చి, నేల ఎంత బాగుందో అన్నారు. మీ మామగారు ఏమన్నారో తెలుసా? 'మా ఆవు పేడ అలాంటిది' అన్నారు. పేడను మెచ్చుకున్నారమ్మా! తలుపు చాటున నిలబడి విన్నాను. ఆ రోజు నేను నోరు తెరవలేదు. తెరిచి ఉంటే నా కొడుకు ఇలా తయారయ్యేవాడు కాదేమో."

ఇందుమతి అత్తగారి చేయి పట్టుకుంది. పేరమ్మ రెండో చేత్తో కర్రను నేలకేసి కొట్టింది.  ఇన్నేళ్ళూ లోపల దాచుకున్న కోపం అది.

ఇంతలో బాకాలు ఊదారు. రాజూ రాణీ వచ్చారు. వాళ్ళ వెనక ఊరు ఊరంతా వచ్చి వసారాలో కిక్కిరిసింది. నందిగుప్తుడు రాజదంపతులను సావడి మధ్య కుర్చీల్లో కూర్చోబెట్టి, అందరికీ వంగి దండం పెట్టి, యంత్రం మీట నొక్కాడు.

"శుభ్రం చేస్తున్నాను" అంది యంత్రం.

అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. అది జోరుగా ముందుకు దూకింది. నేలమీద పూలదారం ముక్క పడి ఉంది. గిర్రున చుట్టుకుంది. "ఇరుక్కుపోయాను, సాయం చేయండి!"

నందిగుప్తుడు పరుగెత్తి దారం పీకాడు. "ప్రభూ, మొదట్లో ఇలాగే మారాం చేస్తుంది" అన్నాడు.

యంత్రం మళ్ళీ కదిలింది. పక్కగది గడప దగ్గరికి వెళ్ళి ఢీకొట్టింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఢీకొట్టింది. నందిగుప్తుడు "పద, పద" అని బతిమాలాడు. కాలితో తోశాడు. అది గడపను కొడుతూనే ఉంది. వసారాలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సరిగ్గా అప్పుడే దొడ్డి తలుపు తోసుకుని దూడ లోపలికొచ్చింది. ఇంత జనాన్ని చూసి బెదిరింది. బెదిరిన దూడ ఏం చేస్తుందో మీకు తెలుసు కదా? సావడి మధ్యలో చేయవలసిన పని చేసేసి, వచ్చిన దారినే పారిపోయింది.

గడపతో విసిగిన యంత్రం గిరుక్కున తిరిగింది. తిన్నగా ఆ పేడలోకి వెళ్ళింది. పేడను పులుముకుంటూ సావడంతా తిరిగింది. ఎర్రగచ్చుమీద పచ్చటి గీతలు గీసింది, సున్నాలు చుట్టింది. కుర్చీల కిందికి దూరి, రాజుగారి జరీ జోళ్ళకు ఇంత మెత్తింది. చివరికి గర్వంగా ఆగి, "డబ్బా నిండింది, ఖాళీ చేయండి" అంది.

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. రాజు కాళ్ళు పైకెత్తుకున్నాడు. నందిగుప్తుడి ముఖం నల్లబడింది. ఆ కోపమంతా భార్యమీదికి తిరిగింది.

"ఇందూ! పరువు పోతుంటే చూస్తూ కూర్చున్నావా? లే! లేచి తుడువు! ఇదంతా నీవల్లే!"

ఇందుమతి లేచింది. కానీ తడిగుడ్డ తీసుకోలేదు. రాజుకు దండం పెట్టి తలెత్తి నిలబడింది.

"మహారాజా, చిత్తగించండి. ఇల్లు శుభ్రంగా ఉన్నన్నాళ్ళూ అది యంత్రం గొప్ప. ఇవాళ పాడైతే నావల్ల! మెప్పు వచ్చినప్పుడు నేనెవరినో ఈయనకు తెలియదు. తిట్టవలసి వచ్చినప్పుడు నా పేరు జ్ఞాపకం వచ్చింది. ఇదెక్కడి న్యాయం?"

 నందిగుప్తుడు ఏదో అనబోయాడు. మహారాణి చేయెత్తి ఆపింది. 

"శెట్టిగారూ, యంత్రానికి గడప దాటడం రాదని చూశాం. మరి ఇన్నాళ్ళూ గది గదికీ దాన్ని మోసింది ఎవరు?"

నందిగుప్తుడు నేలచూపులు చూశాడు.

"అది తిరిగేముందు నేలమీద సామానంతా తీసింది ఎవరు?"

నందిగుప్తుడు తల ఇంకాస్త వంచాడు.

"పోనీ, డబ్బా నిండిందంటోంది. మీ యంత్రమే కదా, ఖాళీ చేయండి."

నందిగుప్తుడు యంత్రాన్ని ఎత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తాబేలును తిరగేసినట్టు వెల్లకిలా తిరగేశాడు. డబ్బా ఎక్కడ తెరుచుకుంటుందో అతనికి తెలియదు. చూద్దామని తలమీదికి ఎత్తి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఫటుక్కున తెరుచుకుంది. దుమ్మూ, వెంట్రుకలూ, మూడు గవ్వలూ అతని నెత్తిమీద పడ్డాయి.

ఈసారి రాజు కూడా నవ్వాపుకోలేకపోయాడు. కానీ మహారాణి నవ్వలేదు. రాజువైపు తిరిగి, "ప్రభూ, మన భటులు ఇల్లిల్లూ చూశారు. నేల చూశారు, యంత్రం చూశారు. ఈ ఇంట్లో మనిషి ఉందా అని ఒక్కరైనా అడిగారా?" అంది.

రాజు నవ్వు ఆగిపోయింది. కుర్చీలోంచి లేచాడు.

"తప్పు మాది కూడా తల్లీ" అన్నాడు ఇందుమతితో. "ఈ శాలువా నీది. తీసుకో."

ఇందుమతి పట్టుశాలువా అందుకుంది. కానీ కప్పుకోలేదు. గోడవారన కూర్చున్న పేరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె భుజాలచుట్టూ కప్పింది.

"మహారాజా, ఇది మా అత్తయ్యకు రావలసింది. చాలా ఆలస్యంగా వచ్చింది. నాకు శాలువా వద్దు. ఏ దండోరాలో యంత్రం పేరు చాటారో, అదే దండోరాలో ఈ ఇల్లు ఎవరి కష్టమో చాటించండి. ఇక పసుపు బస్తాలు దుకాణానికి తిరిగి వెళ్ళాలి. తమరి ఎదుటే చెబుతున్నాను, నాకు లేని తీరికను ఎవరూ నాకు అంటగట్టకూడదు."

పేరమ్మ శాలువా అంచు నిమురుతూ కొడుకువైపు చూసింది. "ఒరేయ్ నందీ, వినపడిందా? ఇవాళ్టినుంచి ఆ యంత్రాన్ని నువ్వే గడపలు దాటించు. నీ నడుమూ కాస్త వంగనీ, నాయనా!"

నందిగుప్తుడు తలమీద దుమ్ము దులుపుకోకుండానే భార్య ఎదుట చేతులు జోడించాడు. "తప్పయింది ఇందూ" అన్నాడు.

"ఆ మాట రోజూ చెప్పక్కర్లేదు. పని రోజూ చేయాలి" అంది ఇందుమతి.

ఆ సాయంత్రమే పసుపు బస్తాలు బండెక్కాయి. మర్నాడు దండోరా వేసేవాడు వీధివీధినా ఇందుమతి పేరూ, పేరమ్మ పేరూ చాటాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకనాటి ఉదయం నందిగుప్తుడు వసారాలో గొంతుక్కూర్చుని, చెమటలు కక్కుతూ, బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు పిన్నీసుతో లాగుతున్నాడు. వీధిన పోతున్న పక్కింటాయన తొంగిచూసి, "ఏం శెట్టీ, నేల తళతళలాడుతోంది! మీ యంత్రం గట్టిదయ్యా!" అన్నాడు.

నందిగుప్తుడికి ఒళ్ళు మండిపోయింది. పిన్నీసు పట్టుకునే లేచాడు.

"యంత్రమా? తెల్లవారిందగ్గర్నుంచి చాపలు చుట్టింది నేను! గవ్వలు ఏరింది నేను! దీన్ని మోసి మోసి నడుం విరిగింది నాది! మెప్పు మాత్రం దీనికా?"

అనేశాక ఆగిపోయాడు. మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. సావడి గుమ్మంలో అత్తా కోడలూ నిలబడి ఉన్నారు. ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నందిగుప్తుడు సిగ్గుపడి, మళ్ళీ గొంతుక్కూర్చుని వెంట్రుకలు లాగడం మొదలుపెట్టాడు.

కాబట్టి పిల్లలూ, ఇల్లు మెరుస్తుంటే వస్తువును మెచ్చుకునే ముందు, అక్కడ ఎవరి నడుం వంగిందో అడిగి తెలుసుకోవాలి. ఒకరి కష్టాన్ని వస్తువు ఖాతాలో వేయడం కూడా దొంగతనమే.